హార్మోనీ స్తెఫను ఫోటో

రత్తమ్మ వచ్చి మా అరుగు కింద నిలబడింది గురువారం నాడు. ఏ రోజో ముందే ఎందుకు చెబుతున్నానంటే, సోమవారం పొద్దుటి బస్సుకు పాస్టరు ప్రేమానందం గారు నైజాం వైపు వెళ్ళిపోతారు. ఆలోగా రత్తమ్మ కొడుకు స్తెఫను ఫోటో ఆయన చేతిలో పడాలి. స్తెఫనును ఫోటోకు కూర్చోబెట్టినవాణ్ణి నేను. ఆ ఫోటో లేదని తెలిసినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

నా పేరు సుబ్బరాయుడు. నందిగామలో మా నాన్నకు బట్టల కొట్టు ఉంది. నేను కూడా గజంబద్ద పట్టుకుని గద్దె మీద కూర్చోవలసినవాణ్ణే. బుద్ధి పుట్టి బెజవాడలో ఒక స్టూడియోలో రెండేళ్ళు పని నేర్చుకుని, పాత హాఫ్ ప్లేటు కెమేరా ఒకటి సంపాదించుకుని ఊళ్ళ మీద పడ్డాను. నాకు స్టూడియో లేదు, బోర్డు లేదు, పైన యజమాని లేడు. ఎక్కడ నాటకమాడితే అక్కడికి, ఎక్కడ హరికథ చెబితే అక్కడికి, నవమి పందిళ్ళలో పాటకచేరీలకి, మూడుకాళ్ళ స్టాండు భుజాన వేసుకుని పోవడమే. పాడేవాళ్ళకు కరపత్రాల మీద అచ్చు వేయించుకోడానికి మంచి ఫోటో కావాలి. వేషంలో ఒకటి, కోటులో ఒకటి. జగ్గయ్యపేట నుంచి చందర్లపాడు దాకా నేను తీయని భాగవతార్ లేడు. మా నాన్న మాత్రం నన్ను చూపించి, 'వీడు బొమ్మలవాడండీ, నాటకాల వాళ్ళ వెంట తిరుగుతాడు' అని బేరానికి వచ్చినవాళ్ళతో చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది. నాకసలే ముక్కు మీద కోపం.

రత్తమ్మ మిషను స్కూల్లో నీళ్ళు పోస్తుంది. ఎడమకాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఆమెకు ఒక్కడే కొడుకు. చర్చిలో కీర్తనలకు హార్మోనీ వాయిస్తూ నేర్చుకుని, తర్వాత నాటకాల్లోకి వచ్చాడు. పద్యనాటకంలో హార్మోనీవాడి సంగతి మీకు తెలుసో లేదో. పాడేవాడికి శ్రుతి అందించేది వాడే. పై స్థాయిలో గొంతు జీరపోతే కింద నుంచి ఎత్తి పట్టుకుని పరువు కాపాడేది కూడా వాడే. వన్స్ మోర్ మాత్రం కృష్ణ వేషానికి. స్తెఫను స్టేజీ పక్కన గుంటలో కూర్చుని, చెమట తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు.

చైత్రమాసంలో మధిర అవతల ఏదో ఊళ్ళో నాటకముందని హార్మోనీ పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు. అప్పటికే అటువైపు రజాకార్ల గొడవ ముదిరిపోయి ఉంది. పోవద్దని రత్తమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. మాట ఇచ్చానండీ అన్నాడు. నాటకం జరిగిన మర్నాడే ఆ ఊరి మీద పడ్డారు. సగంమంది చేలకు అడ్డంపడి పారిపోయారు, కొందరిని లారీలెక్కించారు, కొందరు ఏమయ్యారో తెలీదు. స్తెఫను ఈ మూడింటిలో ఎందులో ఉన్నాడో చెప్పేవాడు లేడు. భాద్రపదంలో సైన్యం వెళ్ళింది, నిజాం లొంగిపోయాడు, జైళ్ళ నుంచి జనం ఇళ్ళకు రావడం మొదలుపెట్టారు. దసరా కూడా వెళ్ళిపోయింది. స్తెఫను రాలేదు.

"అయ్యగారు వరంగల్లు, హైద్రాబాదు పోతన్నారు బాబూ," అంది రత్తమ్మ. పాస్టరు గారిని వాళ్ళు అయ్యగారు అంటారు. "జైళ్ళల్లో, ఆసుపత్రుల్లో పేరు తెలీనోళ్ళు శానామంది పడి ఉన్నారంట. తప్పిపోయినోళ్ళ ఫోటోలు ఇస్తే చూపించి అడుగుతానన్నారు. అయ్యగారు కొత్తగా వచ్చారు గదా, మా వోణ్ణి ఎరగరు. ఫోటో అన్నా ఇయ్యమన్నారు."

నేను అరుగు మీది స్టాండు దుమ్ము దులపడం మొదలుపెట్టాను.

"మీరు తీసారు గదా బాబూ. పెట్టెతో సహా. వాడు వచ్చి చెప్పాడు."

"తీసా," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోట్లోంచి నాకే తెలీదు. "ఆదివారానికి ప్రింటు వేసి ఇస్తాలే, పో."

ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, కాలీడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. యుద్ధం ముగిసి మూడేళ్ళయినా ఫోటో ప్లేట్లు, అంటే బొమ్మ పడే గాజుపలకలు, దొరికేవి కావు. డజను ప్లేట్లకు మద్రాసు రాస్తే ఆరు వచ్చేవి, అవీ నెలల మీద. ఊళ్ళో స్టాండు నిలబెట్టగానే జనం ఈగల్లా మూగేవాళ్ళు. మునసబు బావమరిదికి ఒకటి కావాలి, పందిరి కట్టినవాడికి ఒకటి కావాలి, ఊరికే చూడ్డానికి వచ్చినవాడు కూడా మీసం దువ్వుకుని ముందుకొచ్చేవాడు. లేదంటే గొడవ. అందుకని మేం ఫోటోలు తీసేవాళ్ళం ఒక ఉపాయం చేసేవాళ్ళం. ప్లేటు ఉండే చట్రాన్ని స్లైడు అంటాం, ప్లేటు లేని ఉత్త స్లైడు కెమేరాలో పెట్టి, మనిషిని కూర్చోబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, బయటికి వచ్చి కెమేరా కంటి మీది మూత తీసి ఆరు అంకెలు లెక్కపెట్టి మూత బిగించేసేవాళ్ళం. 'అయిపోయింది, లేవండి' అంటే సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత ఎవడైనా గుర్తుపెట్టుకుని అడిగితే ప్లేటు పాడైందని చెప్పేవాళ్ళం. మాలో మేం దాన్ని ఉత్తమూత అనేవాళ్ళం. బెజవాడలో నాకు పని నేర్పినాయన మొదటి వారంలోనే నేర్పిన విద్య అది.

మాఘమాసంలో పేటలో నాటకం అయింది. పేటంటే జగ్గయ్యపేటే, మా వైపు అలాగే అంటాం. మర్నాడు పొద్దున్న నాటకాల కాంట్రాక్టరు కుటుంబరావు గారి మిరపకాయల కళ్ళంలో రామకోటేశ్వరరావుకు ఫోటోలు తీస్తున్నాను. కృష్ణ వేషానికి ఆయనకు మించినవాడు లేడని అప్పట్లో పేరు. కిరీటం ఒక పక్కకు వాలిందంటాడు, పిల్లనగ్రోవి కనబడదంటాడు, నా తల ప్రాణం తోకకు తెచ్చాడు. మిరప ఘాటుకు తుమ్ములొకటి. నా దగ్గర మిగిలింది ఒక్క ప్లేటు, అది ఆయన కోటు ఫోటోకు. ఆయన వేషం కడుక్కోడానికి వెళ్ళాడు. అప్పుడు వచ్చాడు స్తెఫను, పెట్టె చంకన పెట్టుకుని.

"సుబ్బరాయుడుగారూ, నాకొకటి తీస్తారా? పెట్టెతో."

"నీకెందుకయ్యా?"

"మా అమ్మ ఎప్పుడూ నాటకానికి రాదండి. కాలు బాలేదు గదా. నేను ఎట్టా వాయిస్తానో తనకు తెలీదు. చూపిద్దామని."

కాదంటే సరిపోయేది. మంచివాడు, కాదంటే నవ్వి వెళ్ళిపోయేవాడు. కాదనడానికి ముఖం చెల్లలేదు, ప్లేటు ఇవ్వడానికి మనసు రాలేదు. కూర్చోమన్నాను. గోనెపట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెట్టె ముందు పెట్టుకుని, తిత్తి తెరిచాడు.

"నిజంగా వాయించనా, ఊరికే వేళ్ళు పెట్టనా?"

"ఊరికే పెట్టు. కదలకు."

ఉత్త స్లైడు పెట్టాను. మూత తీశాను. ఆరు అంకెలు లెక్కపెట్టాను. రెప్ప కూడా వేయకుండా కూర్చున్నాడు. అందులో నాకు పాపం ఏమీ కనబడలేదు. ఆ వేళ అలా ఇంకో నలుగురిని కూర్చోబెట్టి లేపాను. తర్వాత రెండుసార్లు కనబడ్డప్పుడు అడిగాడు, ప్రింటు వేశారా అని. చూద్దాంలే అన్నాను. తొందరేం లేదండి అన్నాడు.

అదీ సంగతి. గురువారం సాయంత్రం పెట్టెలన్నీ దించి నా దగ్గరున్న నెగటివులన్నీ ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూశాను. ఏ పాటగాడి వెనకైనా, ఏ మూలనైనా స్తెఫను పడి ఉంటాడేమోనని ఆశ. అందరూ ఉన్నారు. రామకోటేశ్వరరావు పన్నెండు ప్లేట్లలో ఉన్నాడు. ఒక దాంట్లో హార్మోనీ మూల కనబడింది, దాని మీద రెండు వేళ్ళు. మిగతాది ప్లేటు అంచు అవతల ఉండిపోయింది. చక్కగా పాటగాడు ఒక్కడే పడాలని కెమేరా పక్కకు జరిపినవాణ్ణి నేనే గదా.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి పేట వెళ్ళాను. కుటుంబరావు గారు మిరపకాయల వ్యాపారి. నాటకాల పిచ్చితో స్తెఫను వాళ్ళ నాటక సమాజాన్ని పిలిపించి ఆడించేవారు. కొట్లో బస్తాల మధ్య కూర్చుని ఉన్నారు.

"ఏమోయ్ సుబ్బరాయుడూ, ఇటు దారి తప్పావేంటి?"

"మన సమాజం ఫోటోలేమైనా మీ దగ్గర ఉన్నాయాండీ? స్తెఫను ఉన్నవి."

"గ్రూపు ఫోటో ఉందిగా. నువ్వు వీరులపాడు వెళ్ళినప్పుడు బెజవాడ నుంచి ఒకాయన వచ్చి తీసాడు. సమాజం మొత్తం ఉంది."

నా ప్రాణం లేచి వచ్చింది. నేను లేనప్పుడు మరొకడు వచ్చి నా వాళ్ళను తీశాడని విని సంతోషించడం నా జన్మలో అదే మొదలు. కుటుంబరావు గారు లోపలికి వెళ్ళి గోడ మీది పటం దింపించి, పంచె కొంగుతో దుమ్ము తుడిచి నా చేతికిచ్చారు.

మంచి ఫోటో. దొంగతనంగా మెచ్చుకున్నాను కూడా. మధ్యలో కుర్చీలో రామకోటేశ్వరరావు, పక్కన వేషాల వాళ్ళు, వెనక తబలా ఆయన, తెర లాగేవాడు, వంటమనిషి, మేకప్పు చిన్నబాబు. ముందు నేల మీద హార్మోనీ పెట్టె. ఒకసారి చూశాను, రెండుసార్లు చూశాను, వేలు పెట్టి వరసగా ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ చూశాను.

"స్తెఫను ఏడండీ?"

"అవునోయ్, లేడు గదూ," అన్నారు కుటుంబరావు గారు. "ఆఁ, గుర్తొచ్చింది. అందరూ పట్టడం లేదు, ఒకళ్ళు తప్పుకోండి అన్నాడు ఆ బెజవాడాయన. ఎవడు తప్పుకుంటాడు? మా మేకప్పు చిన్నబాబు చివర నిలబడ్డాడు, వాణ్ణి పొమ్మన్నాం. ఏడుపు ముఖం పెట్టాడు పాపం, పుట్టి బుద్ధెరిగి ఒక్క ఫోటో లేదు వాడికి. అప్పుడు స్తెఫను లేచి వచ్చేసాడు. నాది సుబ్బరాయుడుగారు విడిగా తీసారండీ, పెట్టెతో సహా, చిన్నబాబును ఉండనివ్వండి అన్నాడు. పెట్టె అక్కడే ఉంచి తను నా పక్కనొచ్చి నిలబడ్డాడు."

మళ్ళీ పటంలోకి చూశాను. చిన్నబాబు కొత్త పెళ్ళికొడుకులా పళ్ళికిలించి నన్నే చూస్తున్నాడు. వాడి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వాడేం చేశాడు పాపం.

"నీ దగ్గర విడిగా ఉందిగా, మళ్ళీ ఇదెందుకు నీకు?" అన్నారు కుటుంబరావు గారు.

రత్తమ్మకు అబద్ధం చెప్పినట్టే ఆయనకూ ఏదో చెప్పి లేచి వచ్చేశాను. బస్సులో ఏడుపు వచ్చింది. పక్కనున్నాయన ఏమైందని అడిగితే కంట్లో దుమ్ము పడిందని ఆయన మీద కసురుకున్నాను.

శనివారమంతా గదిలో కూర్చుని పిచ్చి ఆలోచనలు చేశాను. స్తెఫనులాగే సన్నగా నల్లగా ఉన్న తబలావాడి ఫోటో ఒకటి ప్రింటు వేసి ఇచ్చేస్తే ఎలా ఉంటుందని కూడా ఒక క్షణం అనుకున్నాను. ఎవడి ఫోటో పట్టుకుని ఎవణ్ణి వెతుకుతాడు ఆయన? నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో పాస్టరు గారు బల్ల వేసుకుని కూర్చున్నారు. తప్పిపోయినవాళ్ళ తాలూకు మనుషులు ఒక్కొక్కరే వచ్చి ఫోటోలు ఇస్తున్నారు. ఆయన వెనక పేరు రాసుకుని కవర్లో పెట్టుకుంటున్నారు. పెళ్ళి ఫోటోలు, స్కూలు ఫోటోలు, ఒకటైతే సగం చిరిగిపోయినది. రత్తమ్మ నన్ను చూడగానే స్తంభం పట్టుకుని లేచింది. ఆమె చూపు నా ముఖం మీద లేదు, నా చేతుల మీద ఉంది.

"రత్తమ్మా, ఫోటో లేదు," అన్నాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇంకా కడగలేదా బాబూ?"

"కడగడానికి లేదు. తీయలేదు."

"కూర్చోబెట్టారంట గదా?"

"కూర్చోబెట్టా."

"అంకెలు లెక్కపెట్టారంట గదా?"

"పెట్టా. కానీ లోపల ప్లేటు లేదు. ఉత్తదే. ఊరికే తీసినట్టు చేశా."

ఆమెకు అర్థం కాలేదు. నన్నూ, పాస్టరు గారినీ మార్చి మార్చి చూసింది. "మరి వాడు ఎదురుగా కూర్చున్నాడు గదా," అంది మెల్లగా. "ఆ కెమేరా అద్దంలో పడే ఉంటాడు గదా బాబూ. ఒక్కసారి దాంట్లో చూడండి. కాస్తన్నా అంటుకుని ఉంటాడేమో."

నేను తిట్టించుకోవడానికి సిద్ధపడి వచ్చాను. చెప్పు తీసుకుని కొట్టినా పడదామనుకున్నాను. అద్దంలో ఏమీ ఉండదు రత్తమ్మా అన్నాను.

పాస్టరు గారు కాగితం తీసి, "పోనీ గుర్తులు రాసుకుంటాను, చెప్పమ్మా," అన్నారు.

"నేను వస్తానండీ మీతో," అన్నాను. "చూస్తే గుర్తుపడతా."

"పర్మిట్టు నా ఒక్కడి పేరునే ఉందండి. మీరు వచ్చినా గేటు బయట నిలబెడతారు. చెప్పమ్మా రత్తమ్మా."

"నల్లగా ఉంటాడు అయ్యగారూ. సన్నగా. ఇరవై ఆరేళ్ళు."

"మచ్చలేమైనా ఉన్నాయా ఒంటి మీద?"

"ఒక్క మచ్చ లేదయ్యా," అంది రత్తమ్మ, ఆ కాసేపు గొంతులో గర్వంతో. "అమ్మోరు పోసినప్పుడు కూడా వాడికి సోకలేదు."

"ముఖం ఎలా ఉంటుంది?"

"అచ్చం వాళ్ళ నాన్నే." వాళ్ళ నాన్న చచ్చిపోయి ఇరవై ఏళ్ళయింది. అది ఆమెకే తోచి, నా వైపు తిరిగింది. "ఈయన చెప్తారు అయ్యగారూ. నల్లగుడ్డ కింద తలపెట్టి శానాసేపు చూసారంట. అంతసేపు నువ్వు కూడా చూడలేదమ్మా నన్ను అని నవ్వాడు మా వోడు ఇంటికొచ్చి."

పాస్టరు గారు కలం పట్టుకుని నా వంక చూశారు. ఆ వేళ గుడ్డ కింద నేను చేసిన పని ఎవరికీ తెలియదు. ప్లేటు లేనప్పుడు కెమేరా వెనక అద్దం మీద బొమ్మ సరిచేసుకునే పనేముంది? మిరప ఘాటుకు కళ్ళు మండుతుంటే, చీకట్లో కళ్ళు మూసుకుని హాయిగా విశ్రాంతి తీసుకున్నాను. ఏడాదిన్నర పాటు ప్రతి నాటకంలోనూ చూసిన మనిషే. ముఖం తలుచుకుంటే కళ్ళ ముందుకు వస్తోంది, నోటితో చెప్పబోతే పోతోంది. కళ్ళు పెద్దవన్నాను. ముక్కు మామూలుగా ఉంటుందన్నాను. నవ్వుతూ ఉంటాడన్నాను. పాస్టరు గారు అదే రాసుకున్నారు. నల్లగా, సన్నగా ఉంటాడు, కళ్ళు పెద్దవి, హార్మోనీ వాయిస్తాడు. కవర్లో పద్నాలుగు ఫోటోలతో పాటు ఆ కాగితం ముక్క కూడా సోమవారం బస్సెక్కింది.

మూడు వారాలకు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రత్తమ్మకు చదువు రాదు, నా దగ్గరికే తెచ్చింది. పద్నాలుగు ఫోటోల్లో ఇద్దరు దొరికారట, సగం చిరిగిన ఫోటో మనిషితో సహా. తర్వాత స్తెఫను సంగతి రాశారు. 'వరంగల్లు దగ్గర మిషను ఆసుపత్రిలో ఒకతనున్నాడు. జైలు నుంచి జ్వరంతో తెచ్చారు, మాట పడిపోయింది. నల్లగా, సన్నగా ఉన్నాడు. స్తెఫనూ అని పిలిస్తే కళ్ళు తెరిచాడు. ఏ పేరు పెట్టి పిలిచినా తెరుస్తున్నాడు. నేను చెప్పలేకపోతున్నాను. తల్లిని వెంటనే పంపండి, లోపలికి రానిస్తామన్నారు.'

ఉత్తరం మీద తేదీ చూస్తే వారం దాటింది. ఆ మధ్యాహ్నమే రత్తమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాను. నాన్న ఎక్కడికని అడిగితే జవాబు చెప్పలేదు. మధిరలో రైలెక్కాం. ఆమె కాలు చాపుకోడానికి చోటు లేక డబ్బాలో తలుపు దగ్గర నేల మీద కూర్చుంది, నేనూ పక్కనే కూర్చున్నాను. ఉతికిన చొక్కా ఒకటి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా నన్ను ఒక్కమాట అనలేదు. పైగా, "మీరు లేకపోతే నన్నెవరు తీసుకొస్తారు బాబూ," అంది. నాకు రైల్లోంచి దూకేద్దామనిపించింది.

ఆసుపత్రిలో పొడుగు గది, రెండు వరసల మంచాలు. ఉత్తరంలో చెప్పిన మంచం కిటికీ పక్కది. దాని మీద తెల్లగడ్డం ముసలాయన పడుకుని ఉన్నాడు. రత్తమ్మ ఆయన్నే చూస్తూ నిలబడింది. ఒక సిస్టరు వచ్చింది, మన వైపు అమ్మాయే, గుంటూరు మాట.

"ఆ మాట రాని అతని కోసమా? మంగళవారం పోయాడమ్మా. ఎవరూ రాలేదు, ఇంకెన్నాళ్ళు ఉంచుతాం? వెనక సమాధుల్లో పెట్టేశాం."

ఆ రోజు గురువారం. రత్తమ్మ ఏడవలేదు. ఏడవాలో వద్దో ఆమెకు తెలీడం లేదు. పోయినవాడు తన కొడుకైతే గదా ఏడవాలి.

"వేళ్ళు ఆడించేవాడా అమ్మా?" అని అడిగింది. తన వేళ్ళు గాలిలో పెట్టి చూపించింది. "ఇట్టా, పెట్టె వాయిస్తున్నట్టు?"

"జ్వరంలో అందరూ ఆడిస్తారమ్మా," అంది సిస్టరు.

"కళ్ళు పెద్దవా?"

"చిక్కిపోయినవాళ్ళకు అందరికీ పెద్దగానే కనబడతాయి." ఆ అమ్మాయి రత్తమ్మ భుజం మీద చెయ్యి వేసింది. మంచి పిల్ల. "ఇరవై రోజులు నా చేత్తో పాలు పట్టానమ్మా. ఆ ముఖం నేను మర్చిపోను. మీ అబ్బాయి ఫోటో ఏదైనా ఉంటే చూపించు. అవునో కాదో ఇప్పుడే చెప్పేస్తాను."

రత్తమ్మ నా వైపు చూడలేదు. చొక్కా మడత సరిచేసుకుంది.

"తీయించుకున్నాడమ్మా," అంది. "కదలకుండా కూర్చున్నాడంట."

సిస్టరుకు ఆ మాట ఫోటో ఉన్నట్టే వినిపించింది. ఫోటో నా దగ్గరుందనుకుని, నా వైపు తిరిగి చెయ్యి చాపింది. లేదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.